తలనొప్పికి ముక్కులో ఆపరేషన్: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

తలనొప్పి ఎరగని ఇల్లు ఉండదు. నుదుటికి శొంఠి గంధం పట్టు వేయడం, మరిగే నీళ్లలో పసుపు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం, కణతలకు అమృతాంజన్ రాయడం మనం తరతరాలుగా చూస్తున్నవే. ఆ పైపూత మందును 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన తెలుగువారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. అదే సంవత్సరం న్యూయార్క్‌లో జార్జ్ కాల్డ్‌వెల్ అనే వైద్యుడు పై పెదవి కింద కోసి, చెంప ఎముకలోని గదిని తెరిచి, అందులో చేరిన చీమును తీసే శస్త్రచికిత్సను వివరించాడు. అప్పటి నుంచి నూట ముప్పై ఏళ్లు దాటాయి. పైపూతలు మారాయి, పరికరాలు మారాయి. అయినా ఏళ్ల తరబడి తలనొప్పితో బాధపడుతున్న మనిషి ముందు అదే ప్రశ్న నిలబడి ఉంది. దీనికి మందు సరిపోతుందా, ముక్కుకు ఆపరేషన్ చేయించుకోవాలా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పుకుంటే రెండు రకాల నష్టం జరుగుతుంది. నిజంగా ముక్కులో లోపం ఉన్నవారు మాత్రలు మింగుతూ ఏళ్లు గడిపేస్తారు. ముక్కుతో సంబంధం లేని తలనొప్పి ఉన్నవారు అప్పుచేసి ఆపరేషన్ చేయించుకుని, ఆరు నెలలకు మళ్లీ అదే నొప్పితో మంచమెక్కుతారు. అందుకే ఈ విషయాన్ని కాస్త నిదానంగా తెలుసుకోవడం మంచిది.

ముక్కు లోపల ఏముంది?

బయటికి కనిపించే ముక్కు చిన్నదే. లోపలి భాగం కళ్ల మధ్య నుంచి గొంతు వెనుక దాకా విస్తరించి ఉంటుంది. దాన్ని కుడి, ఎడమలుగా విడదీసే అడ్డుగోడనే మనం ముక్కు దూలం అంటున్నాం. ముందు భాగం మృదులాస్థి, వెనుక భాగం పలుచని ఎముక. ఈ గోడ నూటికి నూరుపాళ్లు నిటారుగా ఉండేవారు అరుదు. కొందరికి పుట్టుకతో, కొందరికి చిన్నప్పుడు తగిలిన దెబ్బల వల్ల అది ఒక పక్కకు వంగి ఉంటుంది. కొందరిలో ఆ గోడ మీద ముల్లులా ఒక ఎముక మొన పొడుచుకు వస్తుంది.

గోడకు ఎదురుగా, ఇరువైపులా మూడేసి మెత్తని మడతలు ఉంటాయి. వీటిని టర్బినేట్లు అంటారు. మనం పీల్చే గాలిని వెచ్చబరచి, తడి చేసి, దుమ్మును వడగట్టి ఊపిరితిత్తులకు పంపేది ఇవే. వీటి పక్కన, ఎముకల లోపల నాలుగు జతల గాలి గదులు ఉన్నాయి. చెంపల్లో ఒక జత, నుదుటిలో ఒక జత, కళ్ల మధ్య తేనెపట్టు లాంటి చిన్న గదుల గుంపు ఒక జత, బాగా వెనుక తల మధ్యభాగంలో ఒక జత. వీటినే సైనస్‌లు అంటారు. ప్రతి గదికీ ముక్కులోకి తెరుచుకునే సన్నని ద్వారం ఉంటుంది. గది గోడల మీది కంటికి కనపడని వెంట్రుకలు శ్లేష్మాన్ని రాత్రింబవళ్లు ఆ ద్వారం వైపే ఊడుస్తూ ఉంటాయి. ద్వారం మూసుకుపోతే లోపల శ్లేష్మం నిలవ ఉండిపోతుంది. నిలవ నీటిలో పురుగు పట్టినట్టే అక్కడా సూక్ష్మజీవులు పెరుగుతాయి.

నొప్పి ఒకచోట, బాధ మరొకచోట

ముక్కు లోపలి స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ అనే నాడి. నుదురు, కన్ను, చెంప, పళ్లు, మెదడు పైపొరల నుంచి వచ్చే నొప్పి కబుర్లను మోసేదీ ఇదే నాడి. ఒకే తీగ మీద ఇన్ని చోట్ల నుంచి కబురు వస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు పొరబడడం సహజం. అందుకే ముక్కు లోపల రేగిన నొప్పి కంటి వెనుకో, కనుబొమ మీదో, కణతలోనో ఉన్నట్టు అనిపించవచ్చు.

1943లో అమెరికాలో హెరాల్డ్ వోల్ఫ్, ఆయన సహచరులు ఈ సంగతిని ప్రత్యక్షంగా పరీక్షించారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి ముక్కు లోపలి భాగాలను ఒక్కొక్కటిగా తాకి, ఎక్కడ తాకితే ఎక్కడ నొప్పి తెలుస్తుందో నమోదు చేశారు. సైనస్ గదుల గోడలకు పెద్దగా నొప్పి తెలియదనీ, వాటి ద్వారాలు, టర్బినేట్లు మాత్రం చాలా సున్నితమైనవనీ, అక్కడ కలిగిన నొప్పి ముఖంలో వేరేచోట వినిపిస్తుందనీ వారు గమనించారు. ముక్కుకూ తలనొప్పికీ సంబంధం గురించి తర్వాత సాగిన చర్చకు ఇది పునాది.

ముక్కు వల్ల వచ్చే తలనొప్పిని స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది, జలుబు ముదిరి సైనస్‌లలో చీము పట్టినప్పుడు వచ్చేది. జ్వరం, పసుపు లేదా ఆకుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, ముందుకు వంగితే ముఖం బరువెక్కడం దీని గుర్తులు. రెండోది, పన్నెండు వారాలకు మించి సాగే దీర్ఘకాలిక సైనసైటిస్ వల్ల కలిగే బరువు, మందకొడి నొప్పి. పల్లెల్లో పీనస అనేది దీన్నే. కొందరికి దీనితోపాటు ముక్కులో కండ కూడా పెరుగుతుంది. మూడోది, చీమూ లేదు, జ్వరమూ లేదు. వంగిన దూలమో, దాని మీది ఎముక మొనో ఎదుటి టర్బినేట్‌ను నొక్కుతూ ఉంటుంది. కొందరిలో మధ్య టర్బినేట్ లోపల గాలి నిండి బుడగలా ఉబ్బి దూలాన్ని ఒరుసుకుంటుంది. ఈ ఒరిపిడి వల్ల వచ్చేదాన్ని వైద్యులు తాకిడి తలనొప్పిగా చెబుతారు. శస్త్రచికిత్స గురించి ఎక్కువ ఆశలూ, ఎక్కువ వివాదాలూ ఉన్నది ఈ మూడో రకం దగ్గరే.

సైనస్ అనుకున్నది చాలాసార్లు మైగ్రేన్

ఇక్కడ పాఠకులు ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోవాలి. "నాకు సైనస్ ఉంది" అని చెప్పుకునేవారిలో చాలామందికి ఉన్నది మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, తమకు సైనస్ తలనొప్పి ఉందని తామే అనుకున్నవారూ, వైద్యులు అలా చెప్పినవారూ కలిపి 2,991 మందిని పరిశీలించారు. వారిలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహావే.

ఇంత పొరపాటు ఎలా జరుగుతుంది? మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా చాలామందికి కళ్లలో నీళ్లు కారతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది, ముఖం బరువెక్కుతుంది. కారణం ఆ ట్రైజెమినల్ నాడే. పైగా వాతావరణం మారినప్పుడు మైగ్రేన్ రేగుతుంది. ముసురు పట్టిన రోజునే తలనొప్పి వస్తే అది చలువ చేసిందనీ, సైనస్ అనీ అనుకోవడం మన అలవాటు. అమృతాంజన్ రాస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. నిజానికి మెంథాల్ ముక్కులోని చల్లదనం తెలిసే నాడులను తట్టి లేపుతుంది. గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుందే కానీ, దారి వెడల్పు కాదు.

మూడు ప్రశ్నలు వేసుకుని చూడండి. నొప్పి వచ్చినప్పుడు వికారంగా ఉంటుందా? వెలుతురు చూడలేకపోతున్నారా? ఆ నొప్పి వల్ల పని మానుకుని పడుకోవలసి వస్తోందా? వీటిలో రెండింటికి అవును అంటే మైగ్రేన్‌ను గట్టిగా అనుమానించాలి. వైద్యం లేకుండా వదిలేస్తే మైగ్రేన్ 4 నుంచి 72 గంటల దాకా ఉంటుంది. తరచు ఒక పక్కే వస్తుంది, నరం కొట్టుకుంటున్నట్టు పోటు పెడుతుంది, మెట్లెక్కినా నడిచినా ఎక్కువవుతుంది. చీమిడి పచ్చగా లేకుండా, జ్వరం లేకుండా ఇలాంటి నొప్పి నెలకు రెండుమూడుసార్లు వచ్చి తనంతట తానే తగ్గిపోతుంటే, అది సైనస్ అయ్యే అవకాశం తక్కువ. దీనికి మందులు ఉన్నాయి. ముక్కుకు ఆపరేషన్ దీనికి వైద్యం కాదు.

మరో సంగతి. నొప్పి తగ్గించే మాత్రలు నెలకు 15 రోజులు, లేదా రెండుమూడు మందులు కలిసిన మాత్రలు నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే రోజూ తలనొప్పిని తెచ్చిపెడతాయి. మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటున్న మన ప్రాంతంలో ఇది చిన్న సమస్య కాదు. ఇలాంటివారికి ముక్కులో ఎంత మంచి ఆపరేషన్ చేసినా తలనొప్పి పోదు.

నిర్ధారణ ఎలా?

ఈఎన్‌టీ వైద్యులు సన్నని గొట్టం లాంటి ఎండోస్కోప్‌ను ముక్కులోకి పంపి, లోపలి భాగాలను తెర మీద చూస్తారు. చీము కారుతోందా, కండ పెరిగిందా, దూలం ఎక్కడ ఒరుసుకుంటోంది అన్నది దీనితో తెలుస్తుంది. ఆపరేషన్ ఆలోచన ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. ఎముకల అమరిక, గదుల ద్వారాలు, కన్నూ మెదడూ ఎంత దగ్గరలో ఉన్నాయన్నది స్కాన్‌లో స్పష్టమవుతుంది.

అయితే స్కాన్ కాగితంలో రాసినదంతా జబ్బు కాదు. దూలం వంకర, కాస్త మందమైన శ్లేష్మపు పొర, ఉబ్బిన టర్బినేట్ అనే మాటలు ఏ తలనొప్పీ లేనివారి స్కాన్‌లలో కూడా తరచు కనిపిస్తాయి. ముక్కులో తాకిడి ఉన్న చోట్లు ముఖం నొప్పి ఉన్నవారిలోనూ, లేనివారిలోనూ ఒకే మోతాదులో ఉన్నాయని 2001లో ఇంగ్లండ్ వైద్యులు ప్రచురించిన పరిశీలన చెప్పింది. కాబట్టి లోపం కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేల్చకూడదు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రకటించిన వర్గీకరణ కూడా ఇదే జాగ్రత్త చూపింది. సైనసైటిస్ వల్ల వచ్చే తలనొప్పిని అసలు జాబితాలో చేర్చి, దూలం, టర్బినేట్ల వల్ల వచ్చేదాన్ని ఇంకా రుజువులు కావలసినదిగా అనుబంధంలో ఉంచింది.

ఈ సందేహం తీర్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. నొప్పి ఉన్న సమయంలోనే, తాకిడి ఉన్న చోట మత్తుమందులో తడిపిన దూదిని ఉంచుతారు. కొద్ది నిమిషాల్లో నొప్పి తగ్గిపోతే, ఆ చోటికీ నొప్పికీ సంబంధం ఉండవచ్చని అర్థం. ఇది ఒక్కసారి కాక వేర్వేరు రోజుల్లో చేసి, ప్రతిసారీ అదే ఫలితం వస్తే నమ్మకం పెరుగుతుంది. నొప్పి లేని రోజున చేస్తే ఈ పరీక్షకు అర్థం లేదు.

కత్తికి ముందు

చీము పట్టిన సైనసైటిస్ అయినా సరే, మొదట మందులే. ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం చవకైనది, మేలైనది. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా వాడకూడదు. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రేను రోజూ క్రమం తప్పకుండా వారాల తరబడి వాడితేనే గుణం కనిపిస్తుంది. రెండు రోజులు కొట్టి పనిచేయలేదని మానేయడం సరికాదు. దుమ్ము, పొగ పడనివారికి అలర్జీ మందులు కావాలి. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ అక్కర్లేదు. జలుబులో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేదే, యాంటీబయాటిక్‌కు వైరస్ లొంగదు. ముక్కు దిబ్బడ వెంటనే తగ్గించే చుక్కల మందును కొద్ది రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. ఏళ్ల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవారు మనలో ఉన్నారు.

ఆపరేషన్ ఎలా మారింది?

కాల్డ్‌వెల్ చెప్పిన పద్ధతిని 1897లో పారిస్‌లో హెన్రీ లుక్ కూడా వేరుగా వివరించాడు. ఇద్దరి పేర్లతో అది దాదాపు శతాబ్దం పాటు నడిచింది. చెంపలోని గదికి కింది భాగంలో కొత్త కన్నం పెడితే చీము జారిపోతుందని నాటి ఆలోచన. ఇది తార్కికంగానే కనిపించింది. కానీ ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ శ్లేష్మం కదలికను ఎండోస్కోప్‌తో ఓపికగా గమనించాడు. కింద కొత్త కన్నం ఉన్నా, లోపలి వెంట్రుకలు శ్లేష్మాన్ని పైనున్న సహజ ద్వారం వైపే తోస్తున్నాయి. అంటే కొత్త తలుపు కాదు, మూసుకుపోయిన పాత తలుపునే తెరవాలి. ఈ ఒక్క గమనింపు శస్త్రచికిత్స దిశను మార్చేసింది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ రూపొందించిన కటకాల అమరిక, సీటీ స్కాన్ తోడై దీన్ని సాధ్యం చేశాయి. మెసర్‌క్లింగర్ శిష్యుడు హైంజ్ స్టామ్‌బర్గర్, అమెరికాలో డేవిడ్ కెనడీ 1980లలో దీన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేశారు. నేడు మన ఆసుపత్రుల్లో ఫెస్ అనే పేరుతో జరిగేది ఇదే.

దూలం విషయంలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. 1902లో అమెరికాలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ వంగిన భాగాన్ని పెద్దగా తీసేసే పద్ధతి చెప్పారు. అలా తీసేస్తే కొందరికి ముక్కు కుంగిపోయేది, గోడకు రంధ్రం పడేది. తర్వాత తరం వైద్యులు వీలైనంత భాగాన్ని ఉంచి, అవసరమైన మేరకే సరిచేయడం నేర్చుకున్నారు. దాన్నే సెప్టోప్లాస్టీ అంటున్నాం.

నేడు చేసే ఆపరేషన్లు సాధారణంగా ముక్కు రంధ్రాల గుండానే జరుగుతాయి. ముఖం మీద కోత, మచ్చ ఉండవు. దూలం సరిచేయడం, ఎముక మొన తీసేయడం, గాలి బుడగలా ఉన్న టర్బినేట్‌లో సగం చిప్పను తొలగించడం, పెరిగిన కండ తీయడం, సైనస్ ద్వారాలు వెడల్పు చేయడం, వీటిలో ఎవరికి ఏది కావాలో అదే చేయాలి. టర్బినేట్లను అతిగా కోసేస్తే ముక్కు ఖాళీగా ఉన్నా గాలి ఆడనట్టే ఉండే బాధ జీవితాంతం మిగలవచ్చు.

ఎంత ఆశించవచ్చు?

చీము, కండ, ద్వారాలు మూసుకుపోవడం స్పష్టంగా ఉండి, మందులకు లొంగనివారికి ఫెస్ వల్ల దిబ్బడ, చీమిడి బాగా తగ్గుతాయి, ముఖం బరువు కూడా చాలామందిలో తగ్గుతుంది. వాసన తిరిగి రావడం మాత్రం అందరికీ ఒకేలా ఉండదు. తాకిడి తలనొప్పి సంగతి వేరు. ఆపరేషన్ తర్వాత చాలామందికి నొప్పి తగ్గిందని చెప్పిన పరిశీలనలు ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, ఆపరేషన్ చేయించుకోనివారితో పోల్చి చూడనివి. ఏ ఆపరేషన్ చేసినా కొంతకాలం నొప్పి తగ్గినట్టు అనిపించడం మనిషి స్వభావం. అందుకే నొప్పి ఒకే పక్క, ఒకేచోట ఉండి, తాకిడి కూడా అదే పక్క ఉండి, మత్తుమందు పరీక్షలో ప్రతిసారీ తగ్గి, మైగ్రేన్ కాదని నరాల వైద్యులు చూసి చెప్పి, మందులు కొన్ని నెలలు సరిగా వాడినా గుణం లేనప్పుడు మాత్రమే ఆపరేషన్ గురించి ఆలోచించడం న్యాయం. దూలం వంకర వల్ల శ్వాసే ఆడకపోతుంటే అది ఆపరేషన్‌కు వేరే, సరైన కారణం. తలనొప్పి తగ్గితే అదనపు లాభం అనుకోవాలి.

ప్రమాదాలు లేని ఆపరేషన్ లేదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, లోపల పొరలు అతుక్కుపోవడం, దూలానికి రంధ్రం పడడం కొందరిలో జరుగుతాయి. సైనస్‌లకూ కంటికీ మధ్య ఉన్న ఎముక కాగితంలా పలుచన. మెదడు కింది గోడ కూడా దగ్గరలోనే ఉంటుంది. అక్కడ గాయమైతే చూపుకు ముప్పు రావచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారవచ్చు. ఇవి అరుదే అయినా, సంతకం పెట్టే ముందు అడిగి తెలుసుకోవలసినవే. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత వారం పది రోజులు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు. వైద్యులు చెప్పిన ప్రకారం ఉప్పు నీటితో కడుక్కోవడం, శుభ్రం చేయించుకోవడానికి వెళ్లడం మానకూడదు. ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఈ సంరక్షణా అంతే ముఖ్యం.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, తీవ్ర జ్వరంతో మగత, ఎన్నడూ లేనంత ఉధృతంగా ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి, మాట తడబడడం, కాలూ చెయ్యీ పడిపోవడం వంటివి ఉంటే ఇంటి వైద్యాలు పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ అదుపులో లేనివారికి ముఖం ఒక పక్క నొప్పి, తిమ్మిరి, ముక్కులోంచి నల్లని స్రావం కనిపిస్తే గంటలు కూడా లెక్కే. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ మన రాష్ట్రాలను వణికించినప్పుడు హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రంగా నిలిచింది. ముక్కులో చేసే శస్త్రచికిత్స ప్రాణం నిలబెట్టే సందర్భాలు ఉన్నాయనడానికి ఆ రోజులే సాక్ష్యం.

వైద్యుని అడగవలసినవి

ఆపరేషన్ చెప్పినప్పుడు మొహమాటపడకుండా నాలుగు మాటలు అడగండి. నా నొప్పికి ముక్కే కారణమని ఏ పరీక్షతో తేలింది? మైగ్రేన్ కాదని ఎలా నిర్ణయించారు? ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది? చేయించుకున్నా నొప్పి తగ్గకపోతే తర్వాతి దారి ఏమిటి? మంచి వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. తొందర లేని ఆపరేషన్‌కు రెండో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు. ఇంటి దగ్గర రెండు నెలల పాటు ఒక నోటు పుస్తకంలో నొప్పి వచ్చిన తేదీ, ఏ పక్క, ఎన్ని గంటలు, ఏం మాత్ర వేసుకున్నారు, ఆడవారైతే నెలసరి ఎప్పుడు అన్నవి రాసుకుని తీసుకువెళితే, ఖరీదైన స్కాన్ కంటే అదే ఎక్కువ చెబుతుంది.

చివరగా కుటుంబ సభ్యులకు ఒక మాట. తలనొప్పికి కట్టు ఉండదు, గాయం కనిపించదు. జ్వరమైతే థర్మామీటర్ చూపిస్తుంది, ఈ నొప్పికి సాక్షి ఉండడు. అందుకే వంటింట్లో నీరసంగా కూలబడిన కోడలికి, పుస్తకం మూసి పడుకున్న పిల్లవాడికి పని ఎగ్గొట్టే నటన అన్న మాట తగులుతుంటుంది. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది వైద్యులు తేలుస్తారు. నొప్పి నిజమని నమ్మి, దీపం తగ్గించి, గోల లేకుండా చూసి, ఆసుపత్రికి వెంట వెళ్లడం మాత్రం ఇంట్లోవారి పని. దానికి ఖర్చేమీ లేదు, ఏ పరీక్షా అక్కర్లేదు.